బాటకు కొట్టిన కంప

నాయనకు, నీ పెద్ద కూతురు భారతి దండాలు పెట్టి రాస్తున్నది. అనంతపురంలో నేను బాగున్నాను. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? ఎనుము ఈనిందా? జేజి వేళకు మాత్రలు మింగుతోందా? ఇవన్నీ నువ్వు ఫోన్‌లో చెప్పినా సరే. నేను మాత్రం ఉత్తరమే రాస్తున్నాను. ఫోన్‌లో అయితే నీకు నచ్చని మాట రాగానే "సరేలే, పెట్టేయ్" అంటావు.

ఇక్కడ గాలి మన ఊరి గాలిలాగే చెవులు పట్టి లాగుతోంది. మబ్బు మాత్రం వచ్చి చూసి పోతోంది. హాస్టల్లో వారానికి ఒకరోజు సంగటి పెడతారు, దాన్ని సంగటి అంటే అమ్మ కొడుతుంది. కదిరి బస్సులో తెలిసినవాళ్లెవరైనా వస్తుంటే శెనక్కాయల పొడి పంపించు. నా గురించి దిగులు పడొద్దు, బాగానే తింటున్నాను.

లా కాలేజీలో ఈ ఏడాది మాకు వ్యవసాయ చట్టాలు చెబుతున్నారు. కౌలు, నీళ్లు, పొలం హద్దులు, అన్నీ మన గొడవలే. మొదటిరోజు సారు "అడంగల్ కళ్లతో చూసినవాళ్లెవరు?" అని అడిగితే నేనొక్కదాన్నే చెయ్యెత్తాను. ఏ పొలంలో ఏ పంట ఉందో రాసే ఆ కాగితం కోసం నీ వెంట ఎన్నిసార్లు వరుసలో నిలబడ్డానో వాళ్లకేం తెలుసు. అప్పటినుంచి స్నేహితురాళ్లు నన్ను రెవెన్యూ భారతి అంటున్నారు. నాకూ బాగానే ఉంది. చదువైపోయాక కదిరిలోనే ప్రాక్టీసు పెడతాను, ఆ మాట మీదే ఉన్నాను.

పోయిన వారం మా లాయరు మేడం మమ్మల్ని తాడిపత్రి పక్క పల్లెకు తీసుకుపోయింది. ఊరివాళ్లు కష్టం చెప్పుకుంటే మేము ఉచితంగా అర్జీలు రాసిపెట్టాలి. ఒక పెద్దామె నేరుగా నా ముందుకొచ్చి కూర్చుంది.

"ఏం పాపా, నువ్వేనా లాయరమ్మ? మా మరిది బాటకు అడ్డంగా ముళ్లకంప కొట్టినాడు. ముందరి చేను వానిది, ఎనక చేను నాది. ట్రాక్టరు యాడ నుంచి పోవల్ల? నేనేమన్నా పిట్టనా, ఎగిరి పొయ్యేకి?"

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. రెండు చేలూ ఒకప్పుడు వాళ్ల మామవేనట. పంచినప్పుడు బాట సంగతి ఎవరూ కాగితం మీద పెట్టలేదు. మేడం నా వైపు చూసింది. నేను గొంతు సవరించుకుని, ఒకే పొలాన్ని పంచినప్పుడు వెనక భాగానికి వేరే దారి లేకపోతే కాగితంలో రాయకపోయినా బాట హక్కు పోదని, మరిది చేసింది తప్పేనని చెప్పాను. మేడం తలూపింది. గర్వంతో అర్జీ మొదలుపెట్టాను. "బాటకు అడ్డంగా కంప కొట్టి" అని రాసేసరికి నా చెయ్యి ఆగిపోయింది.

పోయిన దసరా సెలవుల్లో, పంపకాల్లో మన వెనక చేను వచ్చిన చిన్నాయనకు ఉన్న ఒక్క బాటకు కంప కొట్టింది మనమే కదా నాయనా. నువ్వు నరికావు, నేను ఈడ్చాను. నా అరచేతిలో ముల్లు దిగితే నువ్వే తీశావు. చిన్నాయన మేకలు మన కంది చేలో పడ్డాయన్న నీ కోపం న్యాయమే. దానికి ఆయనతో తగవు పడొచ్చు, ఊరి పెద్దల ముందు నిలబెట్టొచ్చు. బాట మాత్రం మూయకూడదు. ఆ రోజు నాకీ చట్టం తెలియదు. అయినా తప్పని తెలియదంటే అబద్ధమే అవుతుంది. చిన్నమ్మ మనవైపు చూస్తూ నిలబడితే నేను తల తిప్పుకున్నాను.

మొన్న చిన్నాయన ఫోన్ చేశాడు. "పాపా, నీ సదువులో మా బాట గురించి ఏమన్నా ఉండాదా? మీ నాయన మీద కోపంతో అడగల్యా. వాన పడి నేల పదునైతే విత్తనం ఎయ్యల్ల కదా. నువ్వు రాసిస్తే ఎమ్మార్వో ఆఫీసులో ఇస్తా" అన్నాడు. ఆయన గొంతులో అంత మొహమాటం నేనెప్పుడూ వినలేదు. ఫోన్ పెట్టేసి ఏడ్చాను.

రాయనని చెప్పలేను నాయనా. తాడిపత్రి పెద్దామెకు ఒక న్యాయం, మన చిన్నాయనకు ఒక న్యాయం అంటే నేను కదిరిలో ఏ ముఖంతో బోర్డు పెట్టాలి? నీ మీద గౌరవం పోయి ఇలా రాస్తున్నానని మాత్రం అనుకోవద్దు. నువ్వు కోపగించుకుంటావని భయపడుతూనే రాస్తున్నాను.

జేజికి, చిన్నాయనకు, చిన్నమ్మకు నా దండాలు చెప్పు. చిన్నాయనకు నువ్వే నడిచి వెళ్లి చెబితే నాకు ఇంకా సంతోషం. అర్జీ రాసి నా పెట్టెలో పెట్టుకున్నాను. ఊరు, సర్వే నంబరు, చిన్నాయన పేరు అన్నీ రాశాను. ఎదుటి పక్షం పేరు దగ్గర మాత్రం ఖాళీ వదిలాను. వాన పడేలోపు ఆ కంప తీసెయ్ నాయనా. అక్కడ నా చేత్తో నీ పేరు రాయించొద్దు.

నీ దీవెన కోసం ఎదురుచూస్తూ,
నీ బిడ్డ
భారతి