సర్వర్ ఉద్యోగం

వినుకొండ,
11-8-2004, బుధవారం.

నా చిట్టితల్లి అనీసాకు మీ నాన్న వేయి దువాలతో రాసే ఉత్తరం. ఇక్కడ అందరం క్షేమం, తాడేపల్లిలో నువ్వూ క్షేమమేనని తలుస్తాను. అందరం అని రాయడం మీ అమ్మ ఉన్నప్పటి అలవాటు. రాశాక చూసుకుంటే ఇంట్లో ఉన్నది నేనొక్కడినే. కొట్టేద్దామనుకున్నాను గాని, మీ అమ్మ మాబూబీ ఉన్నప్పటి మాట కదా, ఉండనీ.

నీకు ఉద్యోగం వచ్చిందన్న కబురు అందిన రోజు నా సంతోషం ఎట్లా చెప్పను తల్లీ! కోర్సు పూర్తి కాకముందే హైదరాబాదు కంపెనీవాళ్ళు కమ్యూనిటీ కాలేజీకి వచ్చి, నెట్‌వర్కింగ్ చదివే అంతమందిలో నిన్ను ఏరుకున్నారంట! ఏకుతున్న దూది ఏకుతున్నట్టే వదిలేసి వీధిలోకి వచ్చాను. గడ్డం నిండా పింజలు. ఎదురొచ్చిన ప్రతివాడికీ చెప్పాను. కూరగాయల బండామె తనకి రెండుసార్లు చెప్పానంది. మూడోసారి కూడా విన్నది, పాపం మంచిది.

నా దగ్గు ఎలా ఉందని అడిగావు. మూతికి గుడ్డ కట్టుకునే ఏకుతున్నాను. వేళకి తింటున్నావా అన్నావు. తింటున్నాను. ఒక్కడికి ఎసరు పెట్టడమే ఇంకా చేతకాలేదు, ఎప్పుడు వండినా ఇద్దరికి అవుతోంది. కమ్యూనికేషన్ స్కిల్స్ క్లాసు కోసం అద్దం ముందు నిలబడి మాట్లాడుతుంటే నవ్వొస్తోందని రాశావు. నవ్వకు. పరుపు కొలత ఎంతో చెప్పమ్మా అంటే తలుపు చాటుకి పోయి వేళ్ళు చూపించిన పిల్లవి నువ్వు. నిన్ను చేర్చిన రోజు మీ కాలేజీ ఫాదర్ గారితో, "మాట్లాడ్డానికి కూడా కోర్సేందండీ, ఆకలేస్తే అదే వస్తుంది" అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఇక కంపెనీ కాగితం సంగతి. అందిందా, సంతకం పెట్టావా, ఈ శుక్రవారం లోపల తండ్రి సంతకంతో కాలేజీ ఆఫీసులో ఇవ్వకపోతే ఆ ఉద్యోగం వేరేవాళ్ళకి పోతుంది నాన్నా, అని గీతలు గీసి మరీ రాశావు. అందిందమ్మా. పోయిన నెల ఇరవై ఆరునే అందింది. కోప్పడకుండా విను.

కాగితంతో పాటు నువ్వు పెట్టిన చీటీలో ఏం రాశావో గుర్తుందా? "నాది సర్వర్ రూంలో పని నాన్నా. సర్వర్ పడిపోతే వెంటనే నేనే లేపాలి. ఒక్క నిమిషం ఆలస్యమైనా అందరూ అరుస్తారు" అని. నాకు తెలిసిన సర్వర్లు బస్టాండు దగ్గర బుల్లయ్య హోటల్లో ఉన్నారు. పోయి కూర్చున్నాను. ఒకడు మోచేతి దాకా ప్లేట్లు పేర్చుకుని పరిగెత్తుతున్నాడు. వీడు జారి పడితే మా అనీసా లేపాలా అనుకున్నాను.

"ఏంది ఇమామూ, దోసె చల్లారిపోతుంటే మావాణ్ణి అట్టా చూస్తున్నావు?" అన్నాడు బుల్లయ్య.

"మా అమ్మాయికి సర్వర్ల దగ్గర ఉద్యోగమంటయ్యా."

"ఓరి నీ! దానికి కంప్యూటరు చదువెందుకు? నా దగ్గరికి పంపు, రేప్పొద్దున్నుంచే టేబుళ్ళు తుడిపిస్తా."

హోటలంతా నవ్వింది. దోసె వదిలేసి ఇంటికొచ్చి కాగితం పరుపు కింద పెట్టేశాను. మూడు రోజులు ఎవరికీ చెప్పుకోలేదు. నాలుగో రోజు నెట్ సెంటర్ షఫీక్ దిండ్ల కోసం వస్తే, ఉండబట్టలేక అడిగాను. వాడు పడీపడీ నవ్వాడు.

"సర్వర్ అంటే మనిషి కాదు బాబాయ్, పెద్ద కంప్యూటరు. మిగతావన్నీ ఏది కావాలన్నా దాన్నే అడుగుతాయి. అది ఆగిందంటే ఆఫీసంతా ఆగిపోద్ది. దాన్ని మన అనీసా చేతిలో పెట్టారంటే మాటలా!"

చెప్పులు కూడా వేసుకోకుండా బుల్లయ్య హోటలుకి పోయి గుమ్మంలోంచే అరిచాను. "మా అమ్మాయి సర్వర్ కాదయ్యా, సర్వర్లని చూసుకునే మనిషి!"

"అంటే ఓనరా?" అన్నాడు.

"అంతే అనుకో!" అన్నాను.

ఇక్కడితో ఆపేస్తే నేను అమాయకుణ్ణని నవ్వుకుని ఊరుకుంటావు. నిజం అది కాదు తల్లీ. ఆ సాయంత్రమే సంతకం పెట్టొచ్చు. పెట్టలేదు. కాగితం మళ్ళీ పరుపు కిందికే పోయింది. కోర్సు ఆరు నెలలే కదా, అయిపోగానే వచ్చేస్తావని, ముందుగదిలో నీకు కంప్యూటరు పెట్టిద్దామని, దూది బస్తాలు జరిపి సున్నం కూడా వేయించాను. హైదరాబాదు వెళ్తే ఇక మన ఇంటికి చుట్టంలాగే వస్తావు. అర్థం తెలియనప్పుడు పరువు కోసం దాచాను. తెలిశాక నా కోసం దాచాను.

పోయిన మంగళవారం హాస్టలుకి ఎవరో ఫోను చేసి, నేను వచ్చేలోపే పెట్టేశారు, నువ్వేనా నాన్నా, అని అడిగావు. నేనే. ఆ ఉద్యోగం వద్దు, వచ్చేయమ్మా అని చెప్పడానికే ఎస్టీడీ బూత్‌కి పోయాను. మీ క్లాసులో మేడం గారు నేర్పారని నువ్వు రాసినట్టే ముందు పలకరింపు, తర్వాత విషయం, వరసగా నోటికి పట్టుకుని మరీ పోయాను. ఎవరో అమ్మాయి ఫోను పక్కన పెట్టి నిన్ను పిలవడానికి వెళ్ళింది. దూరంగా నీ గొంతు వినిపించింది. ఎవరితోనో ఇంగ్లీషులో వాదిస్తున్నావు. మధ్యలో పగలబడి నవ్వావు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ అంత పెద్ద గొంతు నీకుందని ఇన్నేళ్ళలో నాకు తెలియదు తల్లీ. నేను అనుకుని పోయిన వరసంతా మరిచిపోయాను. "నాన్నా" అంటూ నువ్వు దగ్గరికొచ్చేస్తావేమోనని భయమేసి పెట్టేశాను.

ఆ తర్వాత కూడా వారం పట్టింది. నిన్న సంతకం పెట్టాను. తెలుగులోనే, పూర్తి పేరు. చెల్లుతుందని షఫీక్ చెప్పాడు.

పోస్టులో వేస్తే శుక్రవారానికి అందదు. మన వీధి ఇమ్మానియేలు రేపు మిరపకాయల లారీ తీసుకుని విజయవాడ పోతున్నాడు, తాడేపల్లిలో ఆగి ఈ ఉత్తరం నీ చేతికే ఇస్తాడు. కాగితం కోసం కవరు దులపకు, అందులో లేదు. అది అతని చొక్కా జేబులో ఉంది. నువ్వు చివరిదాకా చదివాకే ఇమ్మని మాట తీసుకున్నాను. ముందే ఇస్తే నువ్వు ఆఫీసుకి పరుగు తీస్తావు, నా మాటలు ఎప్పటికి చదువుతావో! ఈ కాసేపు నా దగ్గర కూర్చున్నావు. చాలమ్మా. ఇప్పుడు తలెత్తి అడుగు, ఇస్తాడు.

ఇట్లు,
అనీసా వాళ్ళ నాన్న,
ఇమాం హుస్సేన్.