నాన్న కారు అమ్మను

తమ్ముడు వెండెల్‌కు, ప్రభువు దయవల్ల ఇక్కడ అందరం క్షేమం. నాన్న షెవెల్ కారు ముసలిదైంది, అమ్మేయమన్నావు. దాన్ని ఒక్క మరమేకు కూడా మార్చకుండా శనివారం రేసుకు తీసుకెళ్ళాను. ముగింపు గీత చేరడానికి ఎన్ని సెకన్లు పడతాయో ఎవరికి వారు ముందే తమ కారు అద్దం మీద రాయాలి. అంతకన్నా త్వరగా చేరితే ఓడినట్టే. నేను పదహారు రాశాను. పక్క కారు కుర్రాడు, "అమ్మమ్మా, చర్చి అటువైపు!" అన్నాడు. "ప్రార్థన చేసుకునే వచ్చాను, నాయనా" అన్నాను. నన్ను దాటే ఆత్రంలో వాడు తను రాసిన సెకన్లకన్నా ముందే గీత దాటి దూసుకెళ్ళాడు. నేను నిదానంగా వెళ్ళి గెలిచాను. ఇక అమ్మకం మాటెత్తకు. నీ మోకాలి నొప్పి తగ్గిందా? నాన్న టోపీ నీ దగ్గరుంది, పంపు. వచ్చే శనివారం పెట్టుకోవాలి. దేవుడు నిన్ను చల్లగా చూడాలి.

మీ పెద్దక్క నడీన్