దొరసానికి తోచడం లేదు

గౌరవనీయులైన తోటికోడలు గారికి,

గోడకి ఇవతలి వాటా నుంచి నమస్కారాలు. మనకి మాటలు లేక నెల దాటింది కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. ఆ రోజు చుట్టాల ముందు నన్ను చూపిస్తూ, మా చెల్లి చేతిలో పని పడితే ఆ పనికి పెన్షన్ వచ్చేదాకా తెమలదు అన్నారు మీరు. వాళ్ళు పగలబడి నవ్వారు. నేను మరిచిపోలేదు, మరిచిపోను కూడా.

ఇక విషయానికి వస్తాను. ఇల్లు పంచుకున్నప్పుడు వెనక దొడ్డి, అందులో గుర్రం మీ వాటాకి వెళ్ళాయి. ఒప్పుకున్నాను. కానీ నా వంటింటి కిటికీ ఆ దొడ్డిలోకే తెరుచుకుంటుంది కదా. ఈ ఉదయం కిటికీ తలుపు తీస్తే, సరిగ్గా నా మొహానికి ఎదురుగా వలసంచిలో గడ్డి వేలాడుతోంది. అంత దొడ్డి ఉండగా గడ్డి నా కిటికీ ముందే ఎందుకు కట్టారు? నేను అన్నం తింటున్నానా, గడ్డి తింటున్నానా అని అడగడానికేగా? నోటితో అనలేక గడ్డితో అన్నారు.

ఇట్లు,
గోడకి ఇవతలి తోటికోడలు

తా.క. అది గుర్రం కోసం కట్టి ఉంటారులే అన్నారు మీ మరిది. అన్నందుకు ఆయనకి కూడా బాగా గడ్డి పెట్టాను.

*

చిరంజీవి చెల్లికి,

దీవెనలు. పోస్టు డబ్బా వీధి చివర ఉంది, నీ గుమ్మం నా గుమ్మం పక్కనే ఉంది. పోస్టుమాన్ మనిద్దరి తలుపులూ మార్చి మార్చి చూసి వెళ్ళిపోయాడు. అయినా మొదలుపెట్టింది నువ్వు కాబట్టి నేనూ రాస్తున్నాను.

గడ్డి నీకు కాదే తల్లీ, గుర్రానికి, మన దొరసానికి. మీ బావగారు గుర్రపుబండి మానేసి వ్యాను కొన్నప్పటి నుంచీ దానికి పని లేదు. పొద్దస్తమానం గేటు దగ్గర నిలబడి తల అటూ ఇటూ ఊపుతుంది, గేటు చెక్క కొరుకుతుంది. మేత మానేసి చిక్కి సగమైంది. పశువుల డాక్టరు వచ్చి చూసి, జబ్బేమీ లేదమ్మా, దీనికి తోచడం లేదు, అంతే అన్నాడు. మేత ఒకేచోట వెయ్యకుండా తలో మూలా కడితే వెతుక్కుంటూ తిరుగుతుందట. తోడు ఉన్నట్టుంటుందని అద్దం పెట్టమన్నాడు. ఒళ్ళు రుద్దుకోవడానికి గుంజకి గట్టి చీపుళ్ళు కట్టమన్నాడు. రేపు ఆ పనీ చేస్తాను.

మీ బావగారేమో ఇది ఇక బాగుపడదని, అవతలి ఊరి పెద్దమనిషికి ఇచ్చేస్తానని మాట ఇచ్చారు. నెలాఖరుకి అతను వస్తాడు. ఆలోపు దీని తల ఊపడం మానిపిస్తే మనసు మార్చుకుంటారేమోనని నా ఆశ. తల్లి లేని పిల్లని సీసాతో పాలు పట్టి పెంచాను. అది వెళ్ళిపోతే నేను తట్టుకోలేను.

ఇట్లు,
అక్క

తా.క. పెన్షన్ మాట నేను అన్నది నిజమే. దీనికి నువ్వు జవాబు ఎప్పుడు రాస్తావో చూసి, వెనక్కి తీసుకునేదీ లేనిదీ చెప్తాను.

*

గౌరవనీయులైన తోటికోడలు గారికి,

చూశారా, ఉత్తరం అందిన పూటే రాస్తున్నాను.

గుర్రానికి అద్దమా? ఏం, జడ వేసుకుంటుందా? నా చెవిలో పువ్వు పెట్టకండి. నీ మొహం అద్దంలో చూసుకో అని చెప్పడానికే దాన్ని నా కిటికీకి ఎదురుగా పెట్టారు. ఇక గుంజకి కట్టిన చీపుళ్ళు ఎవరి కోసమో ఆ మాత్రం తెలుసుకోలేనా? పైగా అవతలి ఊరి పెద్దమనిషి అంటూ ఓ కథ కూడా అల్లారు.

నేనూ ఊరుకునే రకం కాదు. స్నానాల గది బాగుచేయించినప్పుడు మిగిలిన ఇసుక, గులకరాళ్ళు, పాత దూలం ముక్కలు మీ మరిది చేత గోడ మీదుగా మీ దొడ్డిలో పోయించాను. కూరగాయల తొక్కలు ఇకమీదట అక్కడికే విసురుతాను. రేడియో కిటికీలో పెట్టి గట్టిగా వాగిస్తున్నాను. మీ ముఖం నాకూ, నా ముఖం మీకూ కనపడకుండా కిటికీ ముందు తాడు కట్టి పాత దుప్పట్లు వేలాడదీశాను. ఇప్పుడు చూసుకుందాం ఎవరి దుంప తెగుతుందో.

ఇట్లు,
కిటికీ అవతలి మనిషి

తా.క. తొక్కలతో పాటు పొరపాటున రెండు మూడు క్యారెట్లు కూడా పడ్డాయి. అవి తిరిగి ఇవ్వాలి.

*

చిరంజీవి చెల్లికి,

ఈసారి దీవెనలు సగమే.

నువ్వు ఇసుక, రాళ్ళు పోయించినప్పుడు దొరసాని కాళ్ళు విరగ్గొట్టడానికే అనుకున్నాను. గుండెలు బాదుకుంటూ వెళ్ళి చూద్దును కదా, అది నీ ఇసుకలో నాలుగు కాళ్ళూ పైకెత్తి దొర్లుతోంది. రాళ్ళ సందుల్లో తొక్కలు ఏరుకుంటూ, దూలాలు దాటుకుంటూ చీకటి పడేదాకా తిరిగింది. దుప్పట్లలోంచి ఇటు దూరి అటు తేలుతుంది, మళ్ళీ వెనక్కి వస్తుంది. రేడియోలో వార్తలు వస్తే చెవులు నిక్కించి వింటుంది. తల ఊపడం పూర్తిగా మానేసింది.

నీ ఎత్తు ఇప్పుడు తెలిసింది. డాక్టరు చెప్పినవన్నీ నేను చేస్తే లెక్కచెయ్యని గుర్రం నీ చెత్తకి ఎలా లేచింది? ఇల్లు పంచుకున్నది చాలక, నా గుర్రాన్ని కూడా మంచి చేసుకుని నీ వైపు తిప్పుకున్నావు. పగలంతా నీ కిటికీ దగ్గరే కాపురం. నేను పిలిస్తే వెనక్కి తిరగదు, అద్దంలోంచి చూస్తుంది.

అయినా నీకూ దక్కదులే. గుర్రం బాగుపడిందండీ అని చెప్తే, ఇచ్చిన మాట ఇచ్చినట్టే అంటున్నారు మీ బావగారు. ఎల్లుండి ఆ పెద్దమనిషి వస్తున్నాడు. దానికి తాడు వేసి తీసుకెళ్తుంటే చూడలేను. రేపే మా అమ్మాయి ఇంటికి వెళ్ళిపోతున్నాను.

ఇట్లు,
అక్క

తా.క. క్యారెట్లు కావాలంటే దొడ్డి ఊడ్చుకో, దొరుకుతాయి. చీపుళ్ళు గుంజకే ఉన్నాయి.

*

అక్కా,

దొరసాని ఎక్కడికీ వెళ్ళలేదు. ముందు ఆ ముక్క చదివి కాసిని మంచినీళ్ళు తాగు.

నువ్వు ఎన్ని రాసినా నేను నమ్మలేదు. ఇవాళ పొద్దున బావగారి వెనక ఎవరో పెద్దమనిషి తాడు పట్టుకుని దొడ్డిలోకి రావడం దుప్పట్ల సందులోంచి చూశాక నమ్మాను. అయితే గడ్డి, అద్దం, చీపుళ్ళు అన్నీ నిజంగా గుర్రానికేనా! సిగ్గుతో చచ్చిపోయాననుకో.

దొరసాని కుదురుగా ఉంటే బాగుండేది. ఇసుకలో దొర్లి లేచింది, దుప్పట్లలోంచి దూకింది, అతని టోపీ లాక్కుని వెళ్ళి అద్దం ముందు నిలబడింది. అంత హుషారైన గుర్రాన్ని చూసి అతను పొంగిపోయి, ఇప్పుడే తోలుకుపోతానన్నాడు. చేతులారా నేనే చేశాను ఆ చేటు.

గరిటె చేత్తో పట్టుకునే గోడ దూకాను. నాకు మాటలు లేనిది నీతో కదా, అతనితో కాదు. ఈ ఇంట్లో అన్నీ సగం సగమండీ, గుర్రంలో నా సగం నేను ఇవ్వను అన్నాను. ఏ సగమమ్మా నీది అని అడిగాడు.

"తినే సగం మా అక్కది. తన్నే సగం నాది."

బావగారు మీసం సవరించుకున్నారు. 

"నేను మాట ఇచ్చింది మా సగానికే," అన్నారు. "మాట తప్పే వంశం కాదు మాది. మా సగం మీరు నిరభ్యంతరంగా తీసుకెళ్ళండి."

అతను ముందుకి వెళ్ళి తల చూశాడు, వెనక్కి వచ్చి కాళ్ళు చూశాడు. దొరసాని నా సగాన్ని కొంచెం పైకెత్తింది. టోపీ కూడా అడగకుండా వెళ్ళిపోయాడు మహానుభావుడు. బావగారు నవ్వలేక ఇసుకలో కూలబడ్డారు. గుర్రం పోతుందని ఆయనా లోలోపల కుమిలిపోతున్నారట, ఇచ్చిన మాట అడ్డొచ్చి పైకి అనలేకపోయారట.

గెలిచాం అక్కా!

తోచీ తోచనమ్మ తోటికోడలి పుట్టింటికి వెళ్ళిందంటారు. నేను అంత దూరం పోలేదు, నీ వసారాలో కూర్చుని ఇది రాస్తున్నాను. నీ పొయ్యి వెలిగించాను, నీ గిన్నెలే వాడాను. వంకలు పెట్టే మనిషి పక్కన లేక వంట సాగడం లేదు. నువ్వు లేని ఇల్లు నాకు ఏం బాగా లేదు. ఈ ఉత్తరం అందగానే బస్సెక్కి వచ్చేయ్. ఇకమీదట ఉత్తరాలు వద్దు, నోటితోనే తిట్టుకుందాం.

ఇట్లు,
నీ చెల్లి

తా.క. నా ఇల్లు ఉండగా నీ వసారాలో ఎందుకున్నానంటే, దొరసాని గేటు గడియ తియ్యడం నేర్చుకుంది. ప్రస్తుతం నా వంటింట్లో ఉంది. తినే సగం లోపలికి వెళ్ళింది, తన్నే సగం గుమ్మంలో ఉంది. నా సగమే అయినా నా మాట వినడం లేదు. త్వరగా రా.