చింతపండు వరండా

వదినా,

తెల్లాపూర్‌లో నా చదువు కోసం మీరు ఖాళీ చేసి ఇచ్చిన గది తాళంచెవి ఈ ఉత్తరంతో పంపుతున్నాను. కోపం తెచ్చుకోకండి. రెండుసార్లు తప్పిన అకౌంట్స్ పరీక్ష నిన్న మొత్తం రాశాను. ప్రాణం లేచొచ్చింది. ఈసారీ పోతే నేను పనిచేసే ఫ్యాక్టరీ ఆఫీసులో నన్ను పర్మనెంట్ చేయరు.

మీ గదిలో ఏసీ, బల్ల, నిశ్శబ్దం అన్నీ బాగున్నాయి, నేనే బాగాలేను. పుస్తకం తెరిస్తే నిద్ర, లేదంటే ఫోను. అందుకే పటాన్‌చెరు తిరిగొచ్చేశాను. ఇక్కడ మా ఇంటి కింద కిరాణా కొట్టు శకుంతలగారిది. ఆ కొట్టు వెనక వరండాలో ఆడవాళ్లు చింతపండు గింజలు తీస్తుంటే, వాళ్ల పక్కనే కూర్చుని చదివాను. అందరూ తలలు వంచి పనిచేస్తుంటే నా తలా పైకి లేవలేదు. ఫోను తీస్తే మాత్రం శకుంతలగారు, "ఏందమ్మా, నీ గింజలు తీసుడు అయిపోయిందా?" అనేవారు.

మీరూ తలుపేసుకుని కూర్చుంటున్నారు గానీ థీసిస్ కదలడం లేదని అన్నయ్య చెప్పాడు. సోమవారం లాప్‌టాప్ తీసుకుని ఇక్కడికి రండి. మీకూ ఒక పీట వేయించాను. ఊరికే చూసిపోదామని మాత్రం రాకండి. ఖాళీగా కనిపిస్తే శకుంతలగారు మీ ముందు చింతపండు గంప పెట్టేస్తారు.

మీ ఆడపడుచు