పాపకు పెట్టిన లొల్లి పాటలు

లచ్చిమీ, మన సుజాతకు ఆడపిల్ల పుట్టింది. బంగారమంటే బంగారమే, అచ్చం నీ ముక్కే. నా సంబరం సూడనీకె నువ్వు లేకపోతివి.

కానీ భయమైతాంది. దవాఖానల చెవుల పరీక్ష జేసి, పాపకు సప్పుడు అందుతలేదేమో, మళ్ల తీస్కరమ్మన్నరు. రేపే పోవాలె.

ఇయ్యాల పొద్దుగాల పాప పక్కన ఇత్తడి పళ్లెం కొట్టిన. కదల్లే. ఇగ నా రాక్ పాటల క్యాసెట్లు దీసిన. ఇంగ్లీషు ముక్క రాకపోయినా నేను పడి సచ్చేటియి, నువ్వు లొల్లి అని తిట్టేటియి, అవే.

మన పెండ్లికి ముందు మేడ్చల్ల కొన్న ఆల్బం పెట్టిన. అండ్ల గిటార్ మెల్లగ ఏడుస్తది. పాప పండుకునే ఉన్నది. సుజాత నీ కడుపుల ఉన్నప్పుడు కొన్నది పెట్టిన. అప్పుడూ కదల్లే. లోపలున్న సుజాతకు ఏం జెప్పాలెనో తెల్వక, అది ఇంటర్ సదివేటప్పుడు తెచ్చిన డ్రమ్ముల ఆల్బం పెట్టిన. "గౌడవెల్లి దాకా ఇనబడుతాంది, బంద్ చెయ్యి" అని నువ్వు మొత్తుకున్నది యాదికున్నదా, గదే.

పాప ఉలిక్కిపడి కెవ్వుమన్నది. నేనూ ఏడ్సిన.

చెవులకు ఇనబడ్డదో, మంచం అదిరిందో రేపు డాక్టరమ్మ చెప్పాలె. భయం ఇంకా పోలే. నీ లెక్కనే సుజాత తలుపు కాడికొచ్చి నిలబడ్డది. తిడుతదనుకుని టేపు మీద చెయ్యేసిన.

"నాయినా," అన్నది, "ఇంకింత పెంచు."