రంగు వేసిన కొస

సిరిసిల్ల,
18 జులై 2024

తమ్ముడు దేవదాస్‌కు కొమురెల్లి రాయునది. కోరుట్లలో నువ్వు, రేణుక, పిల్లలు బాగున్నారా అని అడిగే ముఖం నాకు లేదు. అయినా అడుగుతున్నాను.

మొన్న మేడిపల్లి నుంచి మల్లన్న అనే అతను వచ్చాడు. నాలాగే సరదాకు చిన్న లేత్ మెషిన్ కొన్నాడట. తక్కువ ఖర్చులో ఏ ఇనుము తెచ్చి పెట్టుకోవాలని అడిగాడు. నోరు తెరిస్తే నీ మాటలే వచ్చాయి. "పాత మరమగ్గం సాంచల షాఫ్టులు కొను. పాత నల్లాల ఇత్తడి తీస్కో. తెల్వని ఇనుమును గ్రైండర్‌కు పట్టు, రవ్వలు గుత్తులోలె పేల్తే గట్టిది, సాఫుగ పోతే మెత్తది" అని. మెత్తదానికి పచ్చ రంగు, గట్టిదానికి ఎర్ర రంగు కొసకు పూసి ఇచ్చేవాడివని కూడా చెప్పాను.

మన మధ్య అంతా చెడిన ఆ రోజు అరచేతిలో పట్టేంత సాంచ బొమ్మకు ఇరుసు చేస్తున్నాను. పచ్చ కట్టలోంచి తీసిన రాడే కదా అని లోతుగా కోత పెట్టాను. కోసే టూల్ పెళ్ళున పగిలింది. చాయ్ తెచ్చిన మీ వదిన నీల కంట్లో ముక్క దిగింది. ఆమె చెయ్యి అడ్డం పెట్టుకుంటే నెత్తురు గాజుల మీదుగా కారింది. మూడో రోజు కన్ను తీసేశారు.

అదే రాడ్ పట్టుకుని నీ పాత ఇనుము కొట్టుకు వచ్చాను. "గట్టిదాన్ని మెత్తదని అమ్మి నా పెండ్లాన్ని గుడ్డిదాన్ని చేస్తివి గదరా లంగా" అని మొదటి దెబ్బ భుజం మీద వేశాను. రెండో దెబ్బకు నీ కుడి చెయ్యి విరిగిన చప్పుడు ఇప్పటికీ నాకు వినబడుతోంది. అడ్డమొచ్చిన రేణుకను తోస్తే తక్కెడ మీద పడి ఆమె నుదురు పగిలింది. నువ్వు నామీద చెయ్యెత్తలేదు. కింద పడి, "అన్నా, రంగెయ్యకుంట నేను ఇయ్య. దీని రంగు కొస ఏదే?" అని అడిగావు. సాకు చెబుతున్నావనుకున్నాను. మూతి మీద కొట్టాను. రెండు పళ్ళు రాలాయి.

పంచాయితీలో మెడకు చెయ్యి కట్టుకుని పిల్లల మీద ఒట్టేశావు. ఎవరూ నమ్మలేదు. కొట్టు మూయించారు. ఇప్పుడు కోరుట్లలో ఎడమ చేత్తో బస్తాలు దించుతున్నావని తెలిసింది.

28వ తేదీ ఆదివారం ఆ పెద్దమనుషులనే నీ కొట్టు ముందుకు పిలిపించాను. నువ్వు రావాలి. ఎందుకో పైన రాసే ధైర్యం లేక కింద రాస్తున్నాను.

ఇట్లు,
నీ చెయ్యి విరగ్గొట్టిన
కొమురెల్లి

తా.క.: ఆ రాడ్‌కు రంగు కొస ఉండేది. ఎర్రది. అది కాస్త వంగి ఉందని, నీల కన్ను పోవడానికి రెండు నెలల ముందే నేను కటింగ్ మెషిన్‌తో ఏటవాలుగా కోసి సొరుగులో పడేసి, మిగతా రాడ్‌ను చూసుకోకుండా పచ్చ కట్టలో దూర్చాను. రంగున్న కొస ఎన్నడూ కొయ్యొద్దని నువ్వు ఎన్నిసార్లు చెప్పావో. పంచాయితీకి ముందురోజు ఆ ముక్క దొరికింది. రాడ్‌కు ఆనిస్తే సరిగ్గా అతికింది. నువ్వు ఒట్టేస్తున్నప్పుడు అది నా జేబులోనే ఉంది. నిన్న నీలకు చెప్పాను. అప్పటి నుంచి ఆమె నాతో మాట్లాడటం లేదు. ముక్కను ఈ కవరులోనే పెట్టాను. రాడ్ నేను తెస్తాను. అందరి ముందు నువ్వే కలిపి చూపించు. తర్వాత ఆ రాడ్ నీ ఎడమ చేతిలోనే ఉంటుంది. నేను కదలను.