ఉపన్యాసానికి వెళ్తున్నానక్కా

అక్కా,

డాబా మీద మిరపకాయలు ఆరబోశాను. మబ్బు పడితే పక్కింటి కోటేష్‌ని కేకేసి పట్టా కప్పించు. నువ్వు మాత్రం మెట్లెక్కకు. పాలు తోడు పెట్టాను. సాయంత్రం బస్సుకి వచ్చేస్తాను, నాకూ అన్నం ఉంచు.

విశ్వవిద్యాలయంలో మా వయసువాళ్ల కోసం పెట్టే ఉపన్యాసాలకే వెళ్తున్నాను. వద్దంటావనే నువ్వు గుడి నుంచి వచ్చేలోగా బయలుదేరాను. "ఏరా, నలుగురిలో కూర్చుని చంటిపిల్లాడిలా ఏడ్చావంటగా. మళ్లీ అటు వెళ్లావో, చూడు" అన్నావు. ఆ మాట అన్నప్పటి నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు.

నాతో వచ్చిన బుల్లయ్య నీకు చెప్పింది సగమే. ఆ రోజు మిరపకాయలకి తొడిమలు తీసి, చేతులు తుడుచుకున్న కండువానే భుజాన వేసుకుని వెళ్లాను. ఉపన్యాసానికొచ్చిన రచయిత్రి తన కథ చదువుతుంటే దానితోనే ముఖం తుడుచుకున్నాను. కళ్లు మండి నీళ్లు కారాయి. ఆవిడ తన కథకే ఏడుస్తున్నాననుకుని చదవడం ఆపి, వేదిక దిగి వచ్చి మంచినీళ్లిచ్చింది. పక్కాయన ఏమీ అడక్కుండా చేతిరుమాలు నా ఒళ్లో పెట్టాడు. అంత ఆదరణ చూశాక, ఇది మిరప ఘాటండీ అని చెప్పడానికి నోరు రాలేదు.

ఇవాళ ఉతికిన కండువా వేసుకున్నాను. బెంగపడకు.

తమ్ముడు

ఇంకో మాట. మంట కాసేపటికే తగ్గింది, ఏడుపే ఆగలేదు. నీ మరదలు పోయిన రోజున రాని ఏడుపు అక్కడ వచ్చింది. తను పోయాక నేను హాయిగా నిద్రపోయింది ఆ రాత్రే. వచ్చాక తిట్టు, వెళ్లొద్దని మాత్రం అనకు.